మేడ మీది వజ్రాలు, కొట్టంల రాళ్లు

నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ వస కొమ్ము అరగదీసి నాకు నాకించిందట. నాలుక బాగ తిరగాలని అందరు పిల్లలకు చిటికెడు నాకిస్తరు. మా నాయనమ్మకు చూపు ఆనేది కాదు. గంధం చెక్క అనుకొని కొమ్ము మొత్తం అరగదీసింది. అందుకే నాకు నడక కంటే ముందు మాటలొచ్చినయి, మాటల కంటే ముందు అబద్ధాలొచ్చినయి. ఒక్క లెక్కలే రాలె. "లెక్కలకు వేరే కొమ్ము ఉంటదేమో, గది నాకెవ్వరు చెప్పలె" అని ఆమె మస్తు రోజులు బాధపడ్డది.

మా ఇంట్ల తెలివి గురించి ఎవరి పార్టీ వాళ్లది. నాయనమ్మది వస పార్టీ. అమ్మది బాదం పార్టీ: నానబెట్టి, పొట్టు తీసి, పరగడుపున తినిపిస్తే మెదడు దానంతట అదే పెరుగుతదని నమ్మేది. బాపుది రక్తం పార్టీ. బేగంబజార్ల మాకు తాతల కాలం నుంచి ఇత్తడి సామాన్ల దుకాణం. "చదువు రానందుకే మనోళ్లు దుకాణం పెట్టిన్రు. దుకాణం ఉన్నందుకే మనోళ్లకు చదువు రాలె. ఇగ వీనికేడికెళ్లి వస్తది?" అని గల్లా దగ్గర కూసోని సంతోషంగ చెప్పేటోడు. చదువు చెప్తే తెలివి వస్తదనే పార్టీ మాత్రం మా ఇంట్ల లేకుండె. ఆ పార్టీ మా బడిల గూడ లేదన్న సంగతి తర్వాత తెలిసింది.

మా బడి యాకుత్‌పురా స్టేషన్ దిక్కు పోయే గల్లీల, కిరాయికి తీసుకున్న పాత దేవిడీల, అంటే ఎవరో నవాబు కట్టిన బంగ్లాల, ఉండేది. పాతబస్తీల దానికి పెద్ద పేరు. గేటు మీద రేకు బోర్డు: "పదో తరగతిలో నూటికి నూరు మంది పాస్." ఎండలకు రంగు వెలిసేది గాని, నూటికి నూరు వెలిసేది కాదు.

ఆ నూటికి నూరు ఎట్ల వచ్చేదో తెల్వాలంటే మా అమ్మ బియ్యం చెరుగుతుంటే చూడాలె. చాటల పోసి ఎగరేస్తది. పొట్టు పోతది, నూక పోతది, రాళ్లు ఏరి అవతల పారేస్తది. మిగిలినయి పొయ్యి మీద పెడ్తది. అన్నం పువ్వు లెక్క విచ్చుకుంటే, "నా చెయ్యి గట్లాంటిది" అంటది. బడి గూడ గదే. తొమ్మిదో తరగతి ఆఖర్ల అందరిని చాటల పోసి ఎగరేసేటోళ్లు. గట్టి గింజలను "రెగ్యులర్" అని పదికి తీసుకపోయేటోళ్లు. మిగిలినోళ్లను పిలిచి, భుజం మీద చెయ్యేసి, "బేటా, నువ్వు ప్రైవేటుగ కట్టుకో" అనేటోళ్లు. అంటే బడి తరఫున కాదు, నీ అంతల నువ్వు పరీక్ష రాసుకో. పాసయితే నీ నసీబు, ఫెయిలయితే నీ ఖర్మ. బోర్డుకు మాత్రం రెండిటితోని సంబంధం లేదు.

ఆ చాట పట్టుకున్నాయన మా పెద్దసారు. బడికి మాలిక్ ఆయనే, హెడ్మాస్టర్ ఆయనే. మోకాళ్ల నొప్పులు. గేటు పక్కన వాలుకుర్చీల కూసోనే రాజ్యం ఏలేటోడు.

ఆ ఏడు నేను తొమ్మిదిలకు వచ్చినప్పుడే బాపు ఫైసలా చెప్పిండు. "రెగ్యులర్ల ఉంచుకుంటే చదువుకో. ప్రైవేటు అన్నరా, తెల్లారి నుంచి దుకాణంల కూసో."

నాకు దుకాణం పనంటే భయం లేదు. బిందెలు తుడుస్త, తూకం వేస్త, గిరాకీతోని బేరమాడుత. నా ఫికరంతా వేరే. బడిల నాకు వినేటోళ్లుండిరి. గంట గంటకు మధ్య దొరికిన సందుల నేను చెప్పే కథలకు రెండు బెంచీల పిలగాండ్లు నోళ్లు తెరుచుకొని కూసునేటోళ్లు. దుకాణంల ఎవ్వరున్నరు? ఇత్తడి బిందెలు. అవి గూడ నోళ్లు తెరుచుకొనే ఉంటయి గాని, నవ్వవు. ఈ వయసుకే బిందెలకు కథలు చెప్పుకుంట ముసలోణ్ని కావాలా అని నాకు ఏడుపొచ్చింది.

తొమ్మిదోది రెండు తరగతులు. ఒకటి మేడ మీద, కిటికీలున్న గదిల. రెండోది కింద, నవాబుల కాలంల గుర్రాలు కట్టేసిన కొట్టంల. గోడలకు ఇనుప కడియాలు ఇంక అట్లనే ఉండె. మేము వాటికి సంచులు తగిలించేటోళ్లం. తెలివిగల్లోళ్లు మీద, మొద్దులు కింద. గట్ల రాస్తే ఇన్స్పెక్టర్ ఊకోడని, మీదోళ్లకు "గులాబి" అని, కిందోళ్లకు "మల్లె" అని పేర్లు పెట్టిండు పెద్దసారు. ఏ పువ్వుకు ఏం వాసనో గేటు కాడ పల్లీలమ్మే ఆమెకు గూడ తెలుసు. నేను మల్లెను. "గుర్రాలున్నప్పుడే ఈ గదిల తెలివి ఎక్కువుండె" అని మా పాత లెక్కల సారు అంటుండె. ఆయన పాఠం సగం నోటితోని, సగం కట్టెతోని చెప్పేటోడు. ఆయనకు సర్కారు నౌకరీ దొరికి వెళ్లిపోయినప్పుడు మేము దండ వేసి సాగనంపినం. మనస్ఫూర్తిగనే వేసినం.

గంతల్నే వాన పట్టుకుంది. ఆ వాన ఎట్లాంటిదంటే, మేడ మీది గదిల చాపలు పట్టొచ్చు. పట్టినోణ్ని నేనే. (అబద్ధమని మా అక్క అంటది. ఆమెకు వస తక్కువ నాకించిండ్రు.) పైకప్పు నాలుగు దిక్కుల కారుడు మొదలుపెట్టింది. పెద్దసారు కుర్చీల నుంచే హుకుం ఇచ్చిండు: "గులాబి పిలగాండ్లను కింద పొడిల కూసోబెట్టున్రి, జలుబు చేస్తె రిజల్ట్ పోతది. మల్లెలను మీదికి పంపున్రి. వాళ్ల తలకాయలల్లకు ఏమెట్లాగు దిగదు, నీళ్లు గూడ దిగవు."

గట్ల మేము మేడ ఎక్కినం. మూడో రోజో నాలుగో రోజో కొత్త లెక్కల సారు వచ్చిండు.

ఆయనది కోస్తా దిక్కు. పెళ్లి కాని మనిషి, ఇస్త్రీ చొక్కా, నల్ల గొడుగు. వచ్చిన పొద్దు పెద్దసారు ఆయనకు చాయ్ తాపిచ్చి బడి సంగతి చెప్పిండట. చాయ్ మోసిన చప్రాసీ ఆ ముచ్చటంత మాకు తెచ్చిచ్చిండు.

"మీద ఉన్నయి హీరేలు సాబ్. కింద ఉన్నయి పత్థర్లు. హీరేలకు జర మెరుగు పెట్టున్రి చాలు. పత్థర్ల మీద మెహనత్ చెయ్యకున్రి."

ఎన్నో ఏండ్ల నుంచి ప్రతి కొత్త సారుకు చెప్పిన మాట అది. నోటికి అలవాటయిపోయింది. మొన్ననే గదులు మార్పించింది తానే అన్న సంగతి ఆ నోటికి గుర్తులేదు.

కొత్త సారు గూడ మస్తు ఖుష్ అయిండట. "నేనూ అదే అంటానండీ. చట్టిలో ఉంటేగా గరిటెలోకి వచ్చేది! బుర్ర పుట్టుకతో రావాలి. మేష్టరు గరిటె తిప్పుతాడు, అంతే."

ఇద్దరు పండితులు చాయ్ మీద ఒక్కటయిండ్రు. తప్పేందో చెప్పేటందుకు బడిల ఇంక నలుగురైదుగురు సార్లుండిరి గాని, అవి తెలంగాణ లొల్లి ఇంక మనసులల్ల ఆరని రోజులు. ఆంధ్ర సారుతోని ఎవ్వరు రెండు మాటలు ఎక్కువ మాట్లాడేటోళ్లు కాదు. "ఆయనకు అన్నీ తెలుసట గద, గిది గూడ తెలుసుకోని" అని మీసాల కింద నవ్వుకున్నరు.

మొదటి పాఠానికి ఆయన గదిల గొడుగు విప్పుకొనే నిలబడ్డడు. కప్పు నుంచి నీళ్లు టప టప పడుతున్నయి.

"మీ గురించి అంతా విన్నాను. వజ్రాలటగా మీరు!"

మేము వెనక్కి తిరిగి చూసినం. వెనక గోడ తప్ప ఏం లేదు.

నా పక్క బెంచోని గురించి ఇక్కడ చెప్పాలె. లాడ్ బజార్ల వాళ్లకు లక్కగాజుల దుకాణం. వాళ్ల బాపు బొగ్గుల మీద లక్క కాచి గాజు తిప్పుతుంటే, వీడు అద్దాలు అతికిస్తుండె. మంచోడే గాని, ఒక్క చెడ్డ అలవాటుండె: అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పేటోడు. బడిల ఇంతకంటే ప్రమాదమైన అలవాటు ఇంకోటి లేదు. పాత సారు చేతుల ఎన్ని దెబ్బలు తిన్నా పోలేదు.

కొత్త సారు భిన్నాలు మొదలుపెట్టంగనే వీడు లేచి నిలబడ్డడు.

"సార్, భిన్నాన్ని భిన్నంతోని భాగించాలంటే రెండోదాన్ని బోర్లేసి గుణించాలంటరు. ఎందుకు బోర్లేయాలె సార్? అదేం తప్పు చేసింది?"

నేను కండ్లు మూసుకున్న. వానికి పడే దెబ్బ ఒక్కోసారి జారి నాకు తగిలేది. ఎంతసేపటికి ఏ చప్పుడు రాలె. కండ్లు తెరిస్తే సారు గొడుగు దించి, తడుసుకుంట నిలబడ్డడు.

"ఓరి నాయనోయ్! ఎంత లోతైన ప్రశ్న వేశావురా! ఇన్నేళ్లుగా బోర్లేయిస్తున్నాను, ఒక్క వెధవ అడగలేదు. వజ్రమంటే ఇదీ!" గొంతు తగ్గించి, "రేపు చెబుతాను. నేను కూడా ఆలోచించాలి" అన్నడు.

తెల్లారి పేపర్ల చుట్టి జొన్నరొట్టె తెచ్చిండు. మధ్యకు తుంచి సగం చేతుల పట్టుకున్నడు.

"ఇది అర రొట్టె. దీంట్లో పావు ముక్కలు ఎన్నున్నాయి?"

"రెండు సార్."

"అంటే అరని పావుతో భాగిస్తే?"

"రెండు."

"ఇప్పుడు పావుని బోర్లేయండి. ఒకటి బై నాలుగు కాస్తా నాలుగు అయింది. అరని నాలుగుతో గుణించండి."

"రెండే సార్!"

అప్పుడు నా తలకాయల తుప్పు పట్టిన కడియం ఒకటి ఊడిన చప్పుడైంది. ఆ చప్పుడుకు యాకుత్‌పురాల రైలు ఆగిపోయింది. అది రోజూ ఆగే స్టేషనే, గది వేరే సంగతి. రొట్టె మాత్రం ప్రశ్న అడిగినోడే తిన్నడు. ఇనాం అన్నడు సారు.

అదే పొద్దు కింద కొట్టంల గూడ ఒకడు లేచి ఏదో అడిగిండట. ఆరో తరగతి నుంచి ప్రతి ఏడు మొదటి ర్యాంకు కొట్టే పిలగాడు, పెద్దసారు మేనల్లుడు. "తలతిక్క ప్రశ్నలు వేయకు. నీకు అవి ఎందుకు? ఎక్కాలు చదువు ముందు" అని ఈ సారే వాని చెవి మెలిపెట్టిండు. ఇగ రోజూ మేము మీద రొట్టెలు, జామకాయలు, తాళ్లు, బొంగరాలు పెట్టుకొని లెక్కలు చేస్తుంటే, చెక్క నేల సందులల్ల నుంచి గులాబిలు ఎక్కాలు అరిచే చప్పుడు వినొస్తుండె. పాపం, వాళ్లు ఎవ్వరికి ఫిర్యాదు చెయ్యలె. తెలివిగల్లోళ్లు గద. సారు మొద్దులన్నడంటే ఏదో కారణం ఉంటదనుకొని మెల్లగ మొద్దులైండ్రు.

మాకు సంగతి అర్థమైన పొద్దు పెద్ద పంచాయితీ పెట్టుకున్నం.

"సారుకు చెప్దామారా?" అన్నడొకడు.

"ఏమని? సార్, మేము మొద్దులం, మమ్మల్ని జర కొట్టున్రి అనా?"

"చెప్పకుంటే ఒకనాడు దొరుకుతం."

"దొరకొద్దంటే ఒక్కటే తొవ్వ ఉంది" అన్నడు నా పక్క బెంచోడు.

"ఏంది?"

"చదవాలె."

అందరం సంతాపంగ పుస్తకాలు తీసినం.

తెలివిగల్లోడు అనిపించుకునుడు ఎంత కష్టమో ఆ తెలివితోని పుట్టినోళ్లకు తెల్వదు. మొద్దుకు బతుకు ఆరాం. ఇంటికాడ లెక్కలు చెయ్యకున్నా ఎవ్వరు ఆశ్చర్యపోరు. వజ్రం చెయ్యకుంటే, సారు ముఖం చిన్నబుచ్చుకొని, "ఒంట్లో బాగోలేదా నాయనా?" అని నుదురు ముట్టుకొని చూస్తడు. ఆ చెయ్యి కంటే పాత సారు కట్టె నయం. దెబ్బ ఒక గడియల పోతది. ఈ సిగ్గు ఇంటిదాక వెంట వస్తది.

నేను ఇంట్ల పుస్తకం తెరిస్తే అమ్మ భయపడ్డది. జ్వరమేమో అని చూసింది, ఉప్పు మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. బాపు అయితే, "ఏంరా, ఏమన్న లఫ్డా చేసినవా? ఎవ్వరన్న కొడ్తమన్నరా?" అని మెల్లగ అడిగిండు. మా ఖాన్‌దాన్‌ల ఎవ్వడు బెదిరింపు లేకుండ పుస్తకం పట్టలె మరి.

అందరం నిజంగనే వజ్రాలమైనమని చెప్తే అది వస చెప్పినట్టయితది. కాలె. ఆఖరు బెంచీల ఒకడు పాత సారు దగ్గర గూడ నిద్రపోయేటోడు, కొత్త సారు దగ్గర గూడ నిద్రపోయిండు. ఫరకు ఒక్కటే. మొదటాయన "దున్నపోతు" అన్నడు. రెండో ఆయన "గాఢంగా ఆలోచిస్తున్నాడు, కదపకండి" అన్నడు. నాకు గూడ బీజగణితం కొరుకుడు పడలె. కాని భిన్నాలొచ్చినయి, వడ్డీ లెక్కలొచ్చినయి. తప్పు ఎక్కడ చేసిన్నో నాకే కనబడుడు షురువైంది. అంతకుముందు నాకు తప్పొప్పులు రెండు ఒక్క తీరే కనబడుతుండె.

వానలు పోయినా గదులు మళ్ల మార్చాలని ఎవ్వరు యాది చెయ్యలె. హాఫ్ ఇయర్లీ పరీక్ష మార్కులు పెద్దసారు ముందు పెట్టిన పొద్దు బడి మొత్తానికి వినబడేటట్టు లొల్లి అయింది. మేము మేడ కటాంజనం మీదికెళ్లి వంగి చూస్తున్నం.

"క్యా సాబ్, గిదేంది? మల్లెలకు గులాబిల మార్కులు, గులాబిలకు మల్లెల మార్కులు. ఉల్టా వేసిన్రు."

"ఉల్టా ఏమీ లేదండీ. మేడ మీద వాళ్లు వజ్రాలని మీరేగా చెప్పారు!"

"అరె, మేడ మీద ఉన్నదెవరు? వానకు మార్పించిన కదా నేను..." పెద్దసారు నోరు అట్లనే ఆగిపోయింది. "మీకెవ్వరు చెప్పలేదా?"

మిగిలిన సార్లందరు ఒక్కసారే కార్నీసు మీది పావురాలను చూసుడు మొదలుపెట్టిండ్రు.

పెద్దసారు తొందరగనే తేరుకున్నడు. "అయితే కాపీ కొట్టిండ్రు."

"నా గదిలో కాపీయా? నేనే నిలబడ్డానండీ, ఈగను కూడా వాలనివ్వలేదు!"

"మరేంది? మీరు చదువు చెప్పి ఈ పత్థర్లకు దిమాగ్ తెప్పిచ్చిండ్రా?"

నేను కటాంజనం గట్టిగ పట్టుకున్న. ఇప్పుడు ఈయన అవునంటే చాలు. జిందగీల ఒక మేష్టరుకు ఇంతకంటే పెద్ద బిరుదు దొరకదు.  సారు ముఖంల గర్వం ఒక దిక్కు గుంజుతుంటే, చట్టి గరిటె ఇంకో దిక్కు గుంజుతున్నయి.

"అబ్బే, చదువు చెబితే తెలివి వస్తుందా అండీ!" అన్నడు ఆఖరికి. "వీళ్లకి ముందే ఉంది. మీరు విడదీయడంలోనే పొరపాటు జరిగింది."

గరిటె గెలిచింది.

"నా చేతుల పొరపాటా? మరి గులాబిలు ఎందుకు పడ్డరు?"

"వాళ్లకి మొదట్నుంచీ లేదేమోనండీ."

"వాళ్లల్ల నా మేనల్లుడున్నడు సాబ్!"

ఇగ ఈ మాట తెగదని, పెద్దసారు తానే ఇంకో పరీక్ష పెడ్తనన్నడు. మల్లెలందరికి, నడి వాకిట్ల, తన కండ్ల ముందు. పాసయినోళ్లు గులాబిల కలుస్తరు, అంటే పదికి రెగ్యులర్. తప్పినోళ్లకు ఏడాది ఆఖరిదాక ఆగుడు గూడ లేదు, ఇప్పుడే ప్రైవేటు. ఇంటికాడ బాపుకు చెప్పిన. తెల్లారి దుకాణంల నా కోసమని గల్లా పక్కకు ఒక చిన్న పీట వేయించిండు. 

వాకిట్ల మమ్మల్ని చెయ్యి చాపితే చెయ్యి అందనంత దూరం దూరం కూసోబెట్టిండ్రు. పెద్దసారు వాలుకుర్చీ మా మధ్యకు తెప్పిచ్చుకున్నడు. కట్టెతోని నేల మీద కొట్టుకుంట ఉండె. కొత్త సారును లోపలికి రానియ్యలె. ఆయన గేటు అవతల పల్లీల బండి పక్కకు నిలబడి, కొనకుండ పల్లీలు తిన్నడు.

లెక్కల్ల ఒకటి నీళ్ల తొట్టి లెక్క. ఒక నల్లా నింపుతది, ఇంకో నల్లా ఖాళీ చేస్తది. ఎప్పుడు నిండుతది? అసలు రెండు నల్లాలు ఒక్కసారే తెరిచిండ్రా, ఒకదాని తర్వాత ఒకటా అని ఆ లెక్కల సరిగ్గ చెప్పలె. నా పక్క బెంచోడు చెయ్యి లేపిండు.

 వద్దురా అని కండ్లతోని సైగ చేసిన. వాడు నా దిక్కు చూడలె.

"సార్, ఈ లెక్క అర్థం కాలె. రెండు నల్లాలు ఒక్కసారే తెరిచిన్రా?"

పెద్దసారు నవ్విండు. ఎన్ని రోజుల తర్వాతనో కడుపునిండ నవ్విండు. "సున్రే హో? వింటున్నరా? పరీక్షల కూసోని అర్థం కాలేదంటున్నడు! అర్థం కాకపోతే కాగితం ఇచ్చి లేచిపో బేటా."

వాడు ఏదో చెప్పబోయిండు. కాగితం అప్పటికే పెద్దసారు చేతిల ఉంది.

ఆ లెక్క నాకు గూడ అర్థం కాలె. కాని నేను అడగలె. తల వంచుకొని, రెండు నల్లాలు ఒక్కసారే తెరిచిన్రు అనుకొని ఏదో ఒకటి రాసి కింద రెండు గీతలు గీసిన. సరిగ్గ వచ్చిందట. అంచు మీద పాసయిన. అట్ల నేను గులాబినైన, వాడు ప్రైవేటయిండు.

ఇంట్ల పండుగ చేసిండ్రు. బాదం పనిచేసిందని అమ్మ. వస మెల్లగ ఎక్కుతదని నాయనమ్మ. రక్తం పార్టీకి కొద్దిగ ఇబ్బందైంది గాని, "వీనికి అమ్మ దిక్కు రక్తం వచ్చినట్టుంది" అని బాపు సర్దుకున్నడు. పీట తీసి అటక మీద పెట్టిచ్చిండు.

రెండు రోజులాగి నేను కొత్త సారును గేటు కాడ పట్టుకున్న.

"సార్, నా పక్క బెంచోనికి ఇంకొన్ని రోజులు చెప్పున్రి. పెద్దసారును అడిగి లోపలికి తీసుకోన్రి."

"లేనిది పెట్టలేం నాయనా."

"నాకు జూన్‌ల భిన్నమంటే ఏందో తెల్వకుండె సార్. ఇప్పుడు వస్తున్నయి. ఏడికెళ్లి వచ్చినయి?"

"లోపలే ఉన్నాయి. దాక్కొని ఉన్నాయి."

"వాని లోపల దాక్కొని లేవని ఎట్ల తెలుసు సార్? మొన్నటిదాక వాణ్ని వజ్రం అన్నరు. రొట్టె గూడ వానికే ఇచ్చిన్రు."

సారు ఆకాశం దిక్కు చూసిండు. మబ్బు లేదు. అయినా గొడుగు విప్పిండు. "గంట కొట్టారు, పో క్లాసుకి" అన్నడు. ఏ గంటా కొట్టలె.

కాని ఆ వారం నుంచి సాయంత్రాలు ఆయన లాడ్ బజార్ల కనబడుడు మొదలైంది. లక్కగాజుల దుకాణం ముందట, బొగ్గుల కుంపటి పక్కకు బోర్లేసిన డబ్బా మీద కూసోని ఉండేటోడు. ఒకసారి నేను ఎదురుపడితే, "గాజులు కొందామని వచ్చాను" అన్నడు. సారుకు పెళ్లి కాలె, అక్కచెల్లెండ్లు లేరు. పదో తరగతి పరీక్షలదాక గాజులు బేరమాడిండు, ఒక్క జత కొనలె. డబ్బా చుట్టు నేల మీద బొగ్గుతోని రాసిన లెక్కలుంటుండె. ఏమంటే, "లెక్కలెవరు చెబుతున్నారు? వాడే చేసుకుంటున్నాడు" అనేటోడు.

నా పక్క బెంచోడు నవ్వేటోడు. "చెప్పనియ్యిరా. చదువు చెప్తున్న అని ఆయనకు తెలిస్తె బంద్ చేస్తడు."

పదో తరగతి ఫలితాలు పేపర్ల పడ్డ పొద్దు బడిల ఫోటో తీసిండ్రు. రెగ్యులర్లు మొత్తం పాస్. పెద్దసారు నడుమ కుర్చీల, మెడల బంతిపూల దండతోని, "మెహనత్, మెహనత్" అని వచ్చినోళ్లకందరికి చెప్తుండె. ఎవరి కష్టమో చెప్పలె. నేను వెనక వరుసల నిలబడ్డ. నా పక్కకు నిలబడాల్సిన ఇంకో రెగ్యులర్ పిలగాడు కామెర్లు వచ్చి రాలె. ఫోటో అతను నల్ల గుడ్డల నుంచి తల తీసి, "సాబ్, అక్కడ ఖాలీ ఉంది, బాగ లేదు. ఎవర్నన్న నిలబెట్టున్రి" అన్నడు.

సరిగ్గ గప్పుడే నా పక్క బెంచోడు టీసీ కాగితం తీసుకుందామని గేట్ల అడుగుపెట్టిండు. వాడు ప్రైవేటుగ రాసిండు, వాని నంబరు గూడ పేపర్ల పడ్డది. పెద్దసారుకు అది తెల్వదు. ఆయనకు కావల్సింది ఒక తలకాయ.

"ఏ బేటా, ఇట్ల రా! గా ఖాలీల నిలబడు, జల్దీ!"

వాడు వరుసలన్ని చూసిండు, బోర్డు చూసిండు.

"వద్దు సార్. నేను గూడ పాసైన. నేను నిలబడితే నూటికి నూటొక్కటి అయితది. లెక్క తప్పు."

పక్కకు నిలబడ్డ కొత్త సారు దగ్గు తెప్పిచ్చుకొని ముఖం తిప్పుకున్నడు.  వాడు టీసీ తీసుకొని, కొత్త సారుకు మాత్రం నమస్తే పెట్టి వెళ్లిపోయిండు.

ఎండ ఎక్కుతున్నదని ఫోటో అతను లొల్లి పెట్టిండు. ఆఖరికి నన్నే రెండు చేతులు నడుం మీద పెట్టుకొని, జర వెడల్పుగ నిలబడమన్నడు.

నిలబడ్డ.